ఒక చేత కత్తి, ఒక చేత నిప్పు: స్కైరిమ్‌లో నా బసలు, బండ్లు, గురువులు

స్కైరిమ్ అనే వీడియో గేమ్‌లో కత్తి, మంత్రం రెండూ పట్టే మనిషిని తయారుచేయడం నాకు రెండుసార్లు కుదరలేదు. మొదటిసారి పెర్కులన్నీ (లెవెల్ పెరిగినప్పుడల్లా ఎంచుకునే అదనపు బలాలు) ఇక్కడొకటి అక్కడొకటి చల్లేశాను. ఇరవయ్యో లెవెల్‌కి వచ్చేసరికి కత్తి దెబ్బకి ఎవరూ పడట్లేదు, మంత్రానికి మ్యాజికా (మంత్రాలకి ఖర్చయ్యే శక్తి) చాలట్లేదు. ఈ గేమ్‌లో మన లెవెల్ పెరిగేకొద్దీ ఎదురొచ్చే శత్రువులూ గట్టిపడతారు కాబట్టి, బేరాలాడి, తాళాలు తీసి పెంచుకున్న లెవెల్ కొట్లాటలో మనకే బరువవుతుంది. రెండోసారి మంత్రం వైపు మరీ ఒరిగిపోయి, కత్తి నడుముకి వేలాడుతూ ఉండిపోయింది.

మూడోసారి సర్వైవల్ మోడ్ (చలి, ఆకలి, అలసట కూడా లెక్కలోకొచ్చే కష్టమైన పద్ధతి) ఆన్ చేసి మొదలుపెట్టాను. ఈ మోడ్‌లో మ్యాప్ మీద నొక్కి ఒక ఊరి నుంచి ఇంకో ఊళ్ళో తేలడం ఉండదు. నడవాలి, గుర్రం ఎక్కాలి, లేదంటే బండి మాట్లాడుకోవాలి. నిద్రపోతేనే లెవెల్ పెరుగుతుంది. చలి పట్టిందంటే హెల్త్ గీత కుంచించుకుపోతుంది, ఆకలేస్తే స్టామినా (ఒంటి బలం) గీత, అలిసిపోతే మ్యాజికా గీత. ఉత్త కత్తివీరుడికి మ్యాజికా తగ్గితే పోయేదేం లేదు, ఉత్త మంత్రగాడు స్టామినా తగ్గినా నెట్టుకొస్తాడు, మనకి మాత్రం మూడూ నిండుగా ఉండాలి. ఏ పెర్క్ తీసుకున్నాం అన్నదెంతో, రాత్రి ఎక్కడ పడుకున్నాం, ఏం తిన్నాం అన్నదీ అంతే అని నాకు ఈ ప్రయాణంలోనే అర్థమైంది. అందుకే నేను దిగిన ఇన్నులు, ఎక్కిన బండ్లు, నేర్పిన గురువుల గురించి వివరంగా రాస్తున్నా. ఈ రకం బిల్డ్ (పాత్రని మలచుకునే తీరు) ఆడదామనుకునేవాళ్లకి ఇది గైడ్ వీడియోల కంటే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

జాతి బ్రెటన్ తీసుకున్నాను. పుట్టుకతోనే 25 శాతం మ్యాజిక్ రెసిస్టెన్స్ ఉంటుంది. ఎడమ చేతిలో మంత్రం ఉన్నంతసేపు డాలు లేదు, కత్తితో అడ్డుకోవడమూ కుదరదు, కాబట్టి అవతలివాళ్ల మంత్రాలు ఒంటికి తగలడం ఖాయం. ఆ పావు భాగం ఎన్నిసార్లు ప్రాణం నిలబెట్టిందో లెక్కలేదు. హై ఎల్ఫ్‌కి వచ్చే 50 మ్యాజికా చూసి ఆశపడకండి, అది ఐదు లెవెల్స్‌లో మనమే సంపాదించుకోవచ్చు.

మొదటి మజిలీ రివర్‌వుడ్. ఆట మొదలయ్యే హెల్గెన్ నుంచి కిందికి దిగే దారిలో మూడు గార్డియన్ రాళ్లు తగులుతాయి. యోధుడి రాయి ముడితే యుద్ధ విద్యలు 20 శాతం త్వరగా వస్తాయి, మాంత్రికుడి రాయి ముడితే మంత్ర విద్యలు అంతే త్వరగా వస్తాయి. నేను మాంత్రికుడి రాయి ముట్టాను, ఎందుకంటే మొదట్లో వెనకబడేది మంత్రమే. కత్తి ఎలాగూ ప్రతి తోడేలు మీదా పనిచేస్తుంది. రివర్‌వుడ్‌లో స్లీపింగ్ జెయింట్ ఇన్ ఉంది, మంచం ఉంది, 10 గోల్డ్. అంతకు మించి చెప్పడానికేం లేదు, ఒక్క రాత్రికి చాలు. మంత్రం నేర్పేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి అక్కడ ఆగడం దండగ.

వైట్‌రన్ గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి.

ఊరి బజారు పైనే బ్యానర్డ్ మేర్ ఇన్. యజమానురాలు హుల్డా. 10 గోల్డ్ చేతిలో పెట్టగానే తనే లేచి ముందు నడుస్తూ మేడ మీద గది దాకా తీసుకెళ్లి చూపిస్తుంది. నా లెక్కలో స్కైరిమ్ మొత్తం మీద 10 గోల్డ్‌కి దొరికే గదుల్లో ఇదే మేలు. గది బాల్కనీలోంచి చూస్తే కింద హాలు మధ్యలో మంట, బల్లల మీద జనం, ఒక మూల మికేల్ పాట, అన్నీ కనిపిస్తాయి, వినిపిస్తాయి. వానలో తడిసి, చలికి హెల్త్ గీత సగానికి పడిపోయి వచ్చిన రాత్రి ఆ మంట పక్కన నిలబడి వేడి సూప్ తాగుతుంటే గీత కొంచెం కొంచెంగా తిరిగి నిండుతూ ఉంటుంది, అది చూస్తూ కూర్చోవడం నాకు చాలా ఇష్టం.

ఇక సేవలు. గేటు లోపలికి అడుగుపెట్టగానే వార్‌మెయిడెన్స్ అనే ఆయుధాల కొట్టు, బయటే కొలిమి, సానరాయి. ఊళ్ళోనే ఉండే అమ్రెన్ ఒంటిచేతి కత్తి విద్య 50వ మెట్టు దాకా నేర్పుతాడు. అతని తండ్రి కత్తి బందిపోట్ల దగ్గర ఉంది, అది తెచ్చిస్తే ఒంటిచేతి కత్తి, డాలు విద్యలు రెండూ ఒక్కో మెట్టు పెరుగుతాయి, కాబట్టి డబ్బు పెట్టి నేర్చుకునే ముందు ఆ పని చేసిపెట్టండి. కైనరెత్ గుడిలో డానికా రెస్టొరేషన్ (గాయాలు మాన్పే మంత్రవిద్య) నేర్పుతుంది. డ్రాగన్స్‌రీచ్ కోటలో ఫారెంగార్ అనే మాంత్రికుడు మంత్రాల పుస్తకాలు, సోల్ జెమ్స్ (ఆయుధాలకి మంత్రం ఎక్కించడానికి వాడే రాళ్లు) అమ్ముతాడు. మనిషి కాస్త కసురుకుంటాడు కానీ అతని గదిలో ఉన్న ఎన్‌చాంటింగ్ (వస్తువులకి మంత్రం ఎక్కించే) బల్ల ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఒక లెవెల్‌కి ఐదు పాఠాలే డబ్బిచ్చి నేర్చుకోగలం కాబట్టి వాటిని ఎవరి దగ్గర ఖర్చుపెట్టాలో ముందే అనుకోవాలి. నేను డానికా దగ్గరే ఎక్కువ పెట్టాను. కారణం రెస్పైట్ అనే పెర్క్.

రెస్టొరేషన్ 40కి చేరితే ఇది తీసుకోవచ్చు. అప్పటి నుంచి గాయం మాన్పే మంత్రం వేస్తే హెల్త్‌తో పాటు స్టామినా కూడా నిండుతుంది. అంటే కత్తితో గట్టి దెబ్బ కొట్టడానికి కావాల్సిన బలం కూడా మ్యాజికా గీతలోంచే తెచ్చుకోవచ్చు. లెవెల్ పెరిగినప్పుడల్లా వచ్చే పది పాయింట్లు స్టామినాలో పెట్టాల్సిన అవసరం దాదాపు పోతుంది. ఇరవయ్యో లెవెల్‌లో నా లెక్క హెల్త్ 190, మ్యాజికా 180, స్టామినా 120. మొదటిసారి మూడింటికీ సమంగా పంచి చెడిపోయినవాణ్ణి కాబట్టి గట్టిగా చెప్తున్నా, స్టామినాకి రెండుసార్లు ఇచ్చి ఆపేయండి.

ఇంకొకటి. ఏ మంత్రం ఎంచుకోవాలి అని తేల్చుకోలేక నిప్పు, మంచు, పిడుగు మూడూ కొనేవాళ్లు చాలామంది ఉంటారు, నేనూ కొన్నాను. ఒక్కటే పట్టుకోండి, అది నిప్పు. డిస్ట్రక్షన్ (దాడి మంత్రాల విద్య)లో ఆగ్‌మెంటెడ్ ఫ్లేమ్స్ పెర్క్ నిప్పు మంత్రానికి 25 శాతం బలం పెంచుతుంది, రెండోసారి తీసుకుంటే 50. అదే పెర్క్ కత్తి మీద వేసిన నిప్పు ఎన్‌చాంట్‌మెంట్‌కి కూడా వర్తిస్తుంది! నిప్పు ఉన్న పాత కత్తి ఒకటి సంపాదించి, ఫారెంగార్ గదిలోని బల్ల మీద దాన్ని విడగొట్టి ఆ విద్య నేర్చుకుని, నా స్టీల్ కత్తికి ఎక్కించాను. ఒక్క పెర్క్‌తో రెండు చేతులూ పదునెక్కాయి. రెండు చేతులతో ఒకే మంత్రం వేసి శత్రువుని తూలిపడేలా చేసే ఇంపాక్ట్ పెర్క్ గురించి అందరూ గొప్పగా చెప్తారు, నిజంగానే గొప్పది, కానీ దానికి కత్తి ఒరలో పెట్టేయాలి. అది మనది కాదు, వదిలేయండి. కవచం విషయంలో మాత్రం భయం అక్కర్లేదు, ఈ గేమ్‌లో ఇనుము తొడుక్కున్నా మంత్రం ఖర్చు పెరగదు. నేను మొదటి నుంచీ బరువు కవచమే వేసుకున్నా. విల్లు, అమ్ములు కూడా మోయలేదు, సర్వైవల్ మోడ్‌లో అమ్ములకీ బరువుంటుంది, దూరం వాళ్లకి ఎడమ చేతి ఫైర్‌బోల్ట్ (నిప్పు విసిరే మంత్రం) ఉండనే ఉంది.

బండి సంగతి. వైట్‌రన్ గుర్రపుశాల దగ్గర బండి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పెద్ద ఊళ్లకి 20 గోల్డ్, డాన్‌స్టార్, మోర్తల్, ఫాల్క్‌రీత్, వింటర్‌హోల్డ్ లాంటి చిన్న ఊళ్లకి 50. ధర న్యాయమే, దారిలో ఎవరూ మీద పడరు. కానీ ఆ చిన్న ఊళ్ల నుంచి తిరిగి రావడానికి బండి ఉండదు. ఇది తెలియకుండా వింటర్‌హోల్డ్ వెళ్లారంటే ఆ మంచులో ఇరుక్కున్నట్టే. కొంచెం తిండి, దివిటీలు, ఉన్నికోటు లాంటి వెచ్చని బట్టలు పెట్టుకుని బయల్దేరండి.

వింటర్‌హోల్డ్ సగానికి పైగా ఊరు ఎప్పుడో సముద్రంలో కలిసిపోయింది, మిగిలినవి నాలుగు కొంపలు. బండి దిగగానే ఫ్రోజెన్ హార్త్ ఇన్‌లోకి పరిగెత్తాను. డాగూర్ దంపతులు నడుపుతారు. వెచ్చగా ఉంటుంది, గది 10 గోల్డే, కాకపోతే అక్కడ ఒక్క రాత్రి కూడా డబ్బు పెట్టక్కర్లేదు. ఎదురుగా వంతెన మొదట్లో మాంత్రికుల కాలేజ్ కాపలాగా ఫరాల్డా నిలబడి ఉంటుంది, ఒక మంత్రం వేసి చూపించమంటుంది, అది మన దగ్గర లేకపోతే 30 గోల్డ్‌కి తనే అమ్ముతుంది. అది వేసి చూపిస్తే లోపలికి రానిస్తుంది. చేరాక హాల్ ఆఫ్ అటైన్‌మెంట్‌లో మనకంటూ ఒక గది, మంచం, పెట్టె, అన్నీ ఉచితం. హుల్డా మేడగదిలో ఉన్న సందడి ఇక్కడ లేదు, నిశ్శబ్దంగా హాస్టల్ లాగా ఉంటుంది, పక్క గదుల్లో మనతో పాటు చేరిన విద్యార్థులు. డిస్ట్రక్షన్ నేర్పడంలో ఫరాల్డాని మించినవాళ్లు లేరు, 90 దాకా నేర్పుతుంది. మూడు లెవెల్స్ పాటు అక్కడే ఉండి నా పాఠాలన్నీ ఆవిడకే ఇచ్చాను. విద్య పెరిగేకొద్దీ ఫీజు కూడా పెరుగుతుంది, నా దగ్గర దాచుకున్నదంతా అయిపోయింది, అయినా బాధలేదు.

తిరుగు ప్రయాణం నడకే. దక్షిణంగా దిగి, పడమటి దారి పట్టి, మ్యాజికా గీత మూడో వంతు నల్లబడిపోయిన వేళకి ఒక సరస్సు ఒడ్డున దీపం కనిపించింది. నైట్‌గేట్ ఇన్. ఊరు లేదు, బజారు లేదు, ఒంటరి ఇల్లు, హాడ్రింగ్ అనే ఆయన నడుపుతాడు. పాట లేదు, సందడి లేదు. ఆ రాత్రి నాకు స్కైరిమ్‌లో అన్నిటికంటే విలువైన మంచం అదే. దాన్ని మ్యాప్ మీద గుర్తుపెట్టుకోండి, ఉత్తరం నుంచి వచ్చేవాళ్లకి అది లేకపోతే చాలా కష్టం.

ఐవర్‌స్టెడ్‌లో విలెమిర్ ఇన్ గురించి పెద్దగా చెప్పను, శుభ్రంగా ఉంది. దాని తర్వాత ఎక్కే 7,000 మెట్ల గురించే చెప్పాలి. పైకి పోయేకొద్దీ మంచుగాలి. ఎడమ చేతిలో దివిటీ ఉంటే చలి ఆగుతుంది, కానీ దివిటీ పట్టుకుంటే ఆ చేతిలో మంత్రం లేనట్టే. సగం దాటాక రాళ్ల మధ్య ఇరుకు దారిలో మంచు ట్రోల్ ఎదురైంది. దివిటీ వదిలేసి ఫైర్‌బోల్ట్ తీశాను. అది దూకుతూ వస్తుండగానే రెండు తగిలాయి, మూడోది దాని మూతి నా ముఖానికి జానెడు దూరంలో ఉండగా పేలింది. ట్రోల్‌కి నిప్పంటే పడదు, కానీ కాస్త వదిలితే గాయాలు వాటంతట అవే మానిపోతాయి, కాబట్టి ఆగకూడదు. కత్తితో గట్టి దెబ్బ ఒకటి, ఇంకొకటి, స్టామినా అయిపోయింది. మూడు అడుగులు వెనక్కి వేసి ఎడమ చేతిలోకి హీలింగ్ తెచ్చాను. ఎర్ర గీత, పచ్చ గీత రెండూ కలిసి పైకి లేస్తుంటే, అదీ చలికి సగం చచ్చిన గీత, మళ్లీ ముందుకెళ్లి మూడో దెబ్బ వేశాను. కత్తి మీది నిప్పు దాని ఒంటి మీద వెలుగుతూనే అది మెట్ల మీద కూలింది. ఈ బిల్డ్ ఎందుకు ఆడాలి అని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఆ ఒక్క నిమిషమే.

చివరిగా మార్కార్త్, వైట్‌రన్ నుంచి బండికి 20. ఊరంతా రాతి కట్టడం, మధ్యలో పారే నీళ్లు, చూడటానికి దీన్ని మించిన ఊరు లేదు. బస విషయంలో నాకు నచ్చలేదు. సిల్వర్-బ్లడ్ ఇన్‌లో మంచం కూడా రాయే, పైన తోళ్లు పరుస్తారు, క్లెప్పర్, ఫ్రాబ్బి మొగుడూపెళ్లాలు రోజంతా పోట్లాడుకుంటూనే ఉంటారు. మొదటిసారి ఊళ్ళోకి అడుగుపెట్టేవాళ్లు బజార్లో కాస్త జాగ్రత్తగా ఉండండి, అంతకంటే చెప్తే కథ చెడుతుంది. నేను వెళ్లింది గార్డియన్ రాళ్ల లాంటిదే ఇంకో రాయి, లవర్ స్టోన్ కోసం. ఊరికి తూర్పు వైపు కొండల మీద ఉంటుంది. దాన్ని ముడితే అన్ని విద్యలూ 15 శాతం త్వరగా వస్తాయి. కత్తి, నిప్పు, వైద్యం, కవచం, ఎన్‌చాంటింగ్ అన్నీ ఒకేసారి పెంచుకునే మనకి ఒక వైపు 20 కంటే అన్ని వైపులా 15 నయం. దారంతా ఫోర్స్‌వార్న్ అనే తిరుగుబాటు మనుషులు కాపుకాసి ఉంటారు కాబట్టి పదిహేనో లెవెల్ లోపు మాత్రం వెళ్లకండి.

ఇప్పుడు ఇరవై రెండో లెవెల్‌లో మళ్లీ వైట్‌రన్‌లోనే ఉన్నాను. బ్రీజ్‌హోమ్ ఇల్లు 5,000 గోల్డ్‌కి అమ్ముతామంటున్నారు. కొలిమి పక్కనే, గేటు దగ్గరే, చాలా అనువుగా ఉంది, కానీ లోపల ఎన్‌చాంటింగ్ బల్ల పెట్టించుకునే వీలు లేదు, దానికి మళ్లీ డ్రాగన్స్‌రీచ్ ఎక్కాల్సిందే. ఆ 5,000తో హుల్డా దగ్గర 500 రాత్రులు పడుకోవచ్చు, లేదా ఫరాల్డా ఫీజు కట్టుకోవచ్చు. అందుకని ఇల్లు వద్దనుకున్నా. ఈ రాత్రికి మేడగది తీసుకున్నాను, తెల్లారి సాలిట్యూడ్ బండి ఎక్కాలి.