బధిరులతో సమావేశం: ఆటోమేటిక్ క్యాప్షన్లా, సంజ్ఞా భాష అనువాదకులా?

ఖర్చు
క్యాప్షన్లు (మాటలను యంత్రం అప్పటికప్పుడు తెరపై అక్షరాలుగా చూపేవి): చాలా వీడియో కాల్ యాప్‌లలో ఉచితం.
అనువాదకులు: గంటల లెక్కన చెల్లించాలి. సమావేశం గంట దాటితే ఇద్దరు ఉండాలి. 20–30 నిమిషాలకోసారి వంతు మార్చుకోకపోతే అలసటతో తప్పులు దొర్లుతాయి.

శ్రమ
క్యాప్షన్లు: ఒక మీట నొక్కితే చాలు.
అనువాదకులు: ముందే మాట్లాడుకోవాలి, స్లైడ్లు, పేర్లు పంపాలి. కిటికీకి వీపు పెట్టి నిలబెడితే ముఖం నీడలో పడి సగం భావం పోతుంది.

ముప్పు
అసలు తేడా ఇక్కడే. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే యంత్రం తడబడుతుంది. డాక్టరు ‘ఈ మందు వేయవద్దు’ అన్నది ‘వేయవచ్చు’ అని తెరపై పడితే విషయమే తారుమారు, పైగా తప్పు జరిగిందని చదివేవారికి తెలియదు. మంచి అనువాదకులు వినపడకపోతే ఆపి మళ్లీ అడుగుతారు.

ఎవరికి ఏది
పుట్టుకతో బధిరులైన ఎందరికో సంజ్ఞా భాషే మొదటి భాష. దానికి సొంత వ్యాకరణం ఉంది, ప్రశ్నను కనుబొమలే చెబుతాయి. క్యాప్షన్ చదవడమంటే వారికి రెండో భాషలో చదవడమే. “రాసి చూపిస్తున్నాం కదా” అనడం అన్యాయం. పెద్దయ్యాక వినికిడి పోయినవారికి మాత్రం సాధారణంగా సంజ్ఞలు రావు, వారికి అక్షరాలే ఆధారం.

రోజువారీ చిన్న సమావేశానికి, వచ్చేవారు చదవడానికే ఇష్టపడితే, క్యాప్షన్లు సరిపోతాయి. ఆసుపత్రి, కోర్టు, ఉద్యోగ ఇంటర్వ్యూ అయితే సంజ్ఞా భాష వాడేవారికి అనువాదకులే ఉండాలి. పెద్ద సభకు రెండూ పెట్టండి, క్యాప్షన్లు మనిషి టైపు చేసేవైతే మరీ మంచిది. ఏది కావాలో ఆహ్వానంలోనే అడగండి.