ఈసీయూ చెవిలో పువ్వు: పిగ్గీబ్యాక్ బాక్సుతో ఎనిమిది నెలల కాపురం

బాక్సు కొన్న రోజు నాకు సరిగ్గా తలకెక్కని సంగతి ముందే చెప్పేస్తాను. పిగ్గీబ్యాక్ కంట్రోలర్ ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, లోపల ఒక్క అంకె కూడా మార్చదు. దాని చెవిలో పువ్వు పెడుతుంది, అంతే. సెన్సర్ పంపే వోల్టేజీని దారిలోనే పట్టుకుని, కాస్త తగ్గించి లోపలికి వదులుతుంది. బూస్ట్ (ఇంజిన్‌లోకి టర్బో అదనంగా నెట్టే గాలి ఒత్తిడి) ఇంకా చాల్లేదనుకుని ఈసీయూ టర్బోను మరికొంచెం తోస్తుంది. మనకు పికప్ పెరుగుతుంది. ఇన్నాళ్లు వాడాక నేను మార్కులు వేసేది ఒక్క విషయానికే: ఎప్పుడు అబద్ధం చెప్పాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో ఈ బాక్సుకు ఎంత బాగా తెలుసు?

నాది ఒకటిన్నర లీటర్ల టర్బో పెట్రోలు, డైరెక్ట్ ఇంజెక్షన్, మాన్యువల్ గేర్లు. ఈసీయూ లాక్ అయి ఉంది, రీమ్యాప్ (దాని లోపలి ప్రోగ్రామునే మార్చడం) కుదరదన్నారు. అందుకే ఈ దారి పట్టాను. బ్రాండ్ పేరు రాయను. నేను తిట్టబోయేవాటిలో సగం ఈ తరహా బాక్సులన్నిటికీ వర్తిస్తాయి, మిగతా సగంలో కొంత నా తప్పే.

బిగించడం పెద్ద పనేం కాదు. కనెక్టర్లు రెండు. ఒకటి థ్రాటిల్‌కు (గాలిని వదిలే తలుపుకు) ముందు పైపు మీదున్న బూస్ట్ సెన్సర్‌కి, ఇంకోటి థ్రాటిల్ దాటాక మ్యానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) సెన్సర్‌కి. కారు ఆపి, లాక్ చేసి, ఈసీయూ నిద్రపోయేదాకా 20 నిమిషాలు ఆగమన్నారు, ఆగాను. మొదటిది చేతికి అందేచోటే ఉంది. రెండోది ఇంజిన్ వెనక సందులో. చూపు ఆనదు, రెండు వేళ్లకు మించి దూరవు. కనెక్టర్ మీదున్న చిన్న ఎర్ర లాక్ లోపలికి జరిగితే 'టిక్' మనాలి. నాకు వినిపించలేదు. అయినా సరే, కూర్చునే ఉంటుందిలే అనుకున్నా. మర్నాడు గతుకుల్లో చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, ఈసీయూ రాసిన తప్పు కోడ్ పీ0107, అంటే మ్యానిఫోల్డ్ సెన్సర్ సిగ్నల్ మరీ తక్కువని. మళ్లీ వేళ్లు గీరుకుంటూ లోపలికి నొక్కితే టిక్కుమంది. ఇది బాక్సు ఖాతాలో వెయ్యను.

ఆ తర్వాత వచ్చిన పీ0106 (అదే సెన్సర్ రీడింగు లెక్కకు కుదరట్లేదని) మాత్రం అచ్చంగా బాక్సు పుణ్యమే. కీ తిప్పాక, ఇంజిన్ స్టార్ట్ అయ్యేలోపు ఈసీయూ ఒక లెక్క సరిచూసుకుంటుంది. ఇంజిన్ తిరగట్లేదు కనుక మ్యానిఫోల్డ్‌లో ఉండాల్సింది బయటి గాలి ఒత్తిడే, సముద్ర మట్టం దగ్గరైతే సుమారు 101 కిలోపాస్కల్స్. రెండు సెన్సర్లూ ఒకే మాట చెప్పాలి. నా బాక్సు ఒక వైరు మీద అక్కడ కూడా ఓ నాలుగైదు తగ్గించి చెప్పేది. నిజం చెప్తే ఖర్చేమీ లేని చోట కూడా అబద్ధమే! ఫోన్‌లో బ్లూటూత్ పెట్టి కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించాక తగ్గింది. అప్పటిదాకా వారానికి రెండుసార్లు కోడ్ తుడుచుకుంటూ తేలు కుట్టిన దొంగలా తిరిగాను.

నాకు బాగా నవ్వొచ్చింది ఈసీయూ రీడింగులు చూపించే స్కానర్ దగ్గర. బాక్సు పెట్టకముందు ఫుల్ థ్రాటిల్‌లో మ్యానిఫోల్డ్ ప్రెషర్ 210 కిలోపాస్కల్స్ చూపించింది. పెట్టాక చూస్తే మళ్లీ 210. ఒక్క పాయింటు తేడా లేదు. కాసేపు మోసపోయాననుకున్నా. తర్వాత వెలిగింది: స్కానర్ అడిగేది ఈసీయూనే కదా, దానికి తెలిసిందే అది చెప్తుంది. మ్యానిఫోల్డ్ నుంచి వచ్చే సన్నటి గొట్టానికి టీ ఆకారపు జాయింటు వేసి మామూలు ముల్లు బూస్ట్ గేజ్ పెడితే అసలు బండారం బయటపడింది. ఈ గేజ్ బయటి గాలి ఒత్తిడికి పైన ఉన్నదే చూపిస్తుంది, ఒక బార్ అంటే 100 కిలోపాస్కల్స్. ఇదివరకు 1.1 బార్ దగ్గర ఆగే ముల్లు ఇప్పుడు 1.3కి వెళ్తోంది. ఇలాంటి బాక్సు కొనేవాళ్లు ఆ గేజ్ కూడా కొనుక్కోండి. అది లేకుండా నడపడమంటే కళ్లకు గంతలు కట్టుకున్నట్టే.

గాలి ఎక్కువైతే పెట్రోలు కూడా ఎక్కువ పడాలి. ఈసీయూకి ఆ గాలి సంగతే తెలియదు, కాబట్టి మొదట తక్కువే పోస్తుంది. ఎగ్జాస్ట్‌లో ఉన్న లాంబ్డా సెన్సర్ "మిశ్రమం పల్చబడింది" అని చెప్తే అప్పుడు కలుపుతుంది. ఫుల్ థ్రాటిల్‌లో షార్ట్ టర్మ్ ట్రిమ్ (ఈసీయూ అప్పటికప్పుడు కలిపే పెట్రోలు శాతం) ప్లస్ 8, 9 దాకా పోతోంది. నింపాదిగా వెళ్లేటప్పుడు ప్లస్ 1. అంటే మామూలు డ్రైవింగ్‌లో బాక్సు సెన్సర్ మాటను ఉన్నదున్నట్టే పంపుతోందన్నమాట. ఈ ఒక్కదానికి దానికి మంచి మార్కులు వేశాను. మైలేజీ కూడా అందుకే మారలేదు.

ఇక పికప్. మూడో గేరులో 60 నుంచి 100కి ముందు 6.8 సెకన్లు, ఇప్పుడు 6.2. అయిదుసార్లు తీసిన సగటు. డబ్బా మీద 25 శాతం పవర్ అని రాశారు, నా లెక్కలో పదికి అటూ ఇటూ. అదీ మంచి ఆక్టేన్ పెట్రోలు పోస్తేనే. మామూలుది పోసి తీస్తే 6.6 వచ్చింది. నాక్ సెన్సర్‌ను ఈ బాక్సు ముట్టుకోదు కాబట్టి ఇంజిన్ కాస్త నాక్ అవగానే (సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి మండగానే) ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగేస్తుంది. వరసగా మూడోసారి తొక్కినా అంతే. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ వేడెక్కి, తెచ్చుకున్న లాభమంతా ఆవిరి. ఓవర్‌టేక్‌కి మాత్రం హాయిగా ఉంది, గేరు దించాల్సిన పని సగానికి సగం తగ్గింది.

మూడో నెలలో ఎక్కిళ్లు మొదలయ్యాయి. అయిదో గేరులో గట్టిగా తొక్కితే కారు ఒక్కసారి తుళ్లి మళ్లీ అందుకునేది. కోడ్ పీ0302, రెండో సిలిండర్ మిస్‌ఫైర్, అంటే అందులో పెట్రోలు సరిగ్గా అంటుకోవట్లేదని. స్పార్క్‌కు కరెంటిచ్చే కాయిల్ పోయిందేమోనని టెన్షన్ పడ్డాను. మెకానిక్ స్పార్క్ ప్లగ్గులు విప్పి, కొనల మధ్య సందులో ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చి నాకే చూపించాడు: 0.8 మిల్లీమీటర్లు. "సార్, మీరు లోపల ఒత్తిడి పెంచారు, స్పార్క్ అంత దూరం దూకలేకపోతోంది" అన్నాడు. 0.65కి తగ్గించి బిగించాడు. ఎక్కిళ్లు అక్కడితో సరి. బాక్సుతో వచ్చిన కాగితంలో ఈ ముక్క ఒక్క లైనైనా లేదు, నా అసలు కోపం దాని మీదే.

బూస్ట్ ఎంత పెంచాలో చెప్పే సెట్టింగులు ఏడున్నాయి. ఏడు పెట్టిన రోజు 1,800 ఆర్‌పీఎం దగ్గరే బూస్ట్ ఎగదన్నింది. సరదాగానే ఉంది కానీ భయం వేసింది. టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో తక్కువ ఆర్‌పీఎం, ఎక్కువ లోడు కలిసినచోటే స్పార్క్ పడకముందే మంట అంటుకునే ప్రమాదం ఉంది, పిస్టన్ పగలొచ్చు కూడా. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ ఆయిల్ గ్రేడ్ తట్టుకోవాల్సిన పరీక్షల్లో ఇదీ ఒకటి. నేను ఆ ఆయిలే పోస్తున్నా, అలాగని ఏడుకి వెళ్లను. యాప్‌లో 2,500 దాటాకే బూస్ట్ పెంచేలా మార్చి, మూడో నంబరు మీద ఉంచేశాను.

వారంటీ ఉన్నవాళ్లకు ఒక మాట. బాక్సు పది నిమిషాల్లో ఊడొస్తుంది, కానీ వచ్చిన కోడ్‌తో పాటు ఆ క్షణంలోని రీడింగులను కూడా ఈసీయూ రాసిపెట్టుకుంటుంది. తీసేస్తే తెలియదులే అన్న ధీమా వద్దు.

మొన్న మా బావ నడిపి చూసి తన కారుకి కూడా పెట్టమన్నాడు. ఆయనది డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్, క్లచ్ పని గేర్‌బాక్సే చూసుకుంటుంది. వద్దు బావా అన్నాను. ఇంజిన్ ఎంత టార్క్ ఇస్తోందో గేర్‌బాక్స్‌కి చెప్పేది ఈసీయూనే. ఈసీయూ తను నమ్మిన అబద్ధాన్నే అటూ చేరవేస్తుంది. గేర్‌బాక్స్ ఆ లెక్క ప్రకారమే క్లచ్‌ను నొక్కి పట్టుకుంటుంది, అసలు టార్క్ ఎక్కువైతే క్లచ్ జారుతుంది. నా కారులో క్లచ్ జారితే నా కాలికి, చెవికి తెలుస్తుంది. ఆయనకెవరు చెప్తారు? ఇదంతా వివరించాను. బావ ఓపిగ్గా విని, "అయితే ఒకటో నంబరు మీద పెట్టు" అన్నాడు.