బోటులో పాటలకి వేరే బ్యాటరీ: బ్లూ సీ యాడ్-ఎ-బ్యాటరీ కిట్ వాడి చూశాక

బోటు స్టీరియో గురించి ఎవరడిగినా మొదటి ప్రశ్న ఒకటే, స్పీకర్లు ఎన్ని వాట్లు అని. నన్నడిగితే స్పీకర్లు తర్వాత చూసుకోవచ్చు. ముందు కొనాల్సింది వెనక సీటు కింద, మూత తీస్తే తప్ప కనబడని ఒక ఎర్ర స్విచ్చు, దాని పక్కన ఉండే చిన్న రిలే డబ్బా, అంటే తనంతట తానే కలిపి విడదీసే స్విచ్చు. రెండూ కలిపి బ్లూ సీ సిస్టమ్స్ వాళ్ళు యాడ్-ఎ-బ్యాటరీ కిట్ అని అమ్ముతారు, మోడల్ నంబరు 7650. మంచి మెరైన్ స్పీకర్ల జతకి పెట్టే డబ్బు దీనికీ అవుతుంది, పైగా దీన్నుంచి పాటేమీ రాదు. అయినా ఐదుకి ఐదు ఇస్తాను. లిథియం బ్యాటరీ వేసేవాళ్ళకి మాత్రం ఒక్కటే ఇస్తాను. అదెందుకో చివర్లో చెప్తాను.

మేముండేది జార్జియాలో కమ్మింగ్ దగ్గర. చట్టహూచీ నది మీద బ్యుఫోర్డ్ డ్యామ్ కట్టడంతో ఏర్పడిన లేక్ లేనియర్ మాకు దగ్గరే. మా కుటుంబం, అన్నయ్యావాళ్ళు, మరిదివాళ్ళు కలిసి ఒక పాత పాంటూన్ బోటు కొన్నాం. అల్యూమినియం గొట్టాల మీద చదునైన బల్ల, చుట్టూ సోఫాలు, వెనక 115 హార్స్‌పవర్ ఇంజను. పులిహోర, పకోడీలు, పిల్లలు, సామాను పోగా మనుషులు కూర్చోవడానికి కూడా కొంత చోటు ఉంటుంది.

స్టీరియో బోటుతోనే వచ్చింది. పాత ఓనరు ఎక్కడో కార్ల ఆడియో షాపులో పెట్టించాడట. పని కూడా అచ్చం కారుకి చేసినట్టే చేశారు. ఇంజన్ స్టార్ట్ చేసే బ్యాటరీకే యాంప్లిఫయర్ తగిలించారు. బ్యాటరీ దగ్గర ఫ్యూజు లేదు. వైరు చెక్కి చూస్తే పైన రాగిపూత, లోపల తెల్లగా అల్యూమినియం. జాయింట్లకి నల్ల టేపు చుట్టి వదిలేశారు.

కారులో పాటలు వింటున్నంతసేపూ ఇంజన్ నడుస్తూనే ఉంటుంది, ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ బ్యాటరీని నింపుతూనే ఉంటుంది. బోటులో మనం పాటలు పెట్టేదే ఏదో ఒక మూల లంగరు వేసి, ఇంజన్ ఆపాక. అంటే స్టీరియో లాగేదంతా బ్యాటరీలోంచే. సాయంత్రం దాకా పాటలు మోగాయి, చీకటి పడుతుండగా మరిది తాళం తిప్పితే టిక్ టిక్ మని ఊరుకుంది. పక్క బోటువాళ్ళు కేబుళ్ళు ఇస్తే గానీ ఒడ్డు చేరలేదు. అత్తయ్యగారు ఆ అరగంటా లైఫ్ జాకెట్ విప్పనే లేదు.

ఆ తర్వాత వైరింగంతా పీకేసి మళ్ళీ వేశాను. కాకినాడలో ఈఈఈ చదివి, ఇన్నేళ్ళుగా డేటాబేసులు చూసుకుంటున్నదాన్ని. డిగ్రీ ఎందుకైనా పనికొచ్చిందంటే ఇన్నాళ్ళకి ఇందుకు. టార్చి పట్టుకునే డ్యూటీ మావారిది.

కిట్ చేసే పని చెప్తాను. బోటులో రెండు బ్యాటరీలు పెడతాం. ఒకటి ఇంజన్‌కి మాత్రమే, రెండోది స్టీరియో, లైట్లు, ఫోన్ చార్జింగుకి. స్విచ్చుకి మూడే స్థానాలు: ఆఫ్, ఆన్, కంబైన్. ఆన్‌లో పెడితే రెండు బ్యాటరీలూ ఒకేసారి పనిలోకి వస్తాయి, కానీ దేని లైను దానిదే. పాత రకం స్విచ్చుల్లో 1, 2, బోత్ అని ఉంటాయి. ఎప్పుడు దేనిలో పెట్టాలో గుర్తుపెట్టుకునే పని మనదే. ముగ్గురు డ్రైవర్లున్న మా బోటులో అది జరిగే పని కాదు. ఇందులో ఎక్కగానే ఆన్, దిగేటప్పుడు ఆఫ్, అంతే. కంబైన్ అనేది ఇంజన్ బ్యాటరీ ఎప్పుడైనా చచ్చిపడితే రెండోదాని సాయం తీసుకోవడానికి.

మరి రెండో బ్యాటరీ నిండేదెలా అంటే, ఆ పని రిలేది. దాన్ని ఏసీఆర్ అంటారు. ఇంజన్ నడుస్తూ వోల్టేజీ 13.6 దాటి అర నిమిషం నిలబడినా, 13.0 దగ్గర ఒకటిన్నర నిమిషం నిలబడినా, రెండు బ్యాటరీలనీ కలిపేస్తుంది. ఇంజన్ ఆపాక వోల్టేజీ 12.75కి దిగి అర నిమిషం ఉంటే విడదీసేస్తుంది. ఆ తర్వాత పాటలు ఎంతసేపు మోగినా ఇంజన్ బ్యాటరీని ముట్టుకోలేవు. మనం నొక్కేది ఏమీ లేదు.

దాని మీద స్టార్ట్ ఐసొలేషన్ అని ఒక చిన్న కనెక్షన్ ఉంది. తాళం తిప్పినప్పుడు మాత్రమే 12 వోల్టులు వచ్చే వైరుని దానికి కలిపితే, ఇంజన్ తిరిగే ఆ రెండు క్షణాలూ స్టీరియో వైపుని వేరుగా ఉంచుతుంది. చాలామంది అక్కర్లేదని వదిలేస్తారు. వదలకండి. ఇది లేకపోతే, బ్యాటరీలు కలిసి ఉన్నప్పుడు ఇంజన్ ఆపి వెంటనే స్టార్ట్ చేస్తే స్టార్టర్ లాగే దెబ్బకి వోల్టేజీ పడిపోయి స్టీరియో రీసెట్ అవుతుంది, బ్లూటూత్ తెగిపోతుంది, ఎవరి ఫోను కలపాలని పిల్లలు మళ్ళీ కొట్టుకుంటారు.

కిట్‌లో కేబుళ్ళు, ఫ్యూజులు, బ్యాటరీ రావు. సగం ఖర్చు అక్కడే ఉంది. బ్యాటరీల మధ్య నేను 2 గేజ్ వైరు వేశాను (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు). స్విచ్చుకీ రిలేకీ ఉన్న బోల్టులు 3/8 అంగుళాలవి. బ్యాటరీ మీద కూర్చునే ఫ్యూజు దిమ్మకి 5/16 బోల్టు. కేబుల్ చివర బిగించే రింగులు, అదే లగ్గులు, రెండు సైజుల్లోనూ తెచ్చుకోకపోతే ఆదివారం మధ్యాహ్నం షాపు చుట్టూ తిరగాల్సిందే.

యాంప్లిఫయర్ వైరు దగ్గరే ఎక్కువమంది కక్కుర్తి పడతారు. మాది గట్టిగా పాడితే 40 ఆంపియర్ల దాకా లాగుతుంది. వెనక బ్యాటరీ నుంచి స్టీరింగు ఉండే కన్సోల్ దాకా పన్నెండున్నర అడుగులు. లెక్కలో వెళ్ళే వైరూ తిరిగొచ్చే వైరూ రెండూ వస్తాయి కాబట్టి 25 అడుగులు. 10 గేజ్ వైరు వేస్తే ఆ దారిలోనే ఒక వోల్టు ఆవిరైపోతుంది. 4 గేజ్ అయితే పావు వోల్టు. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణాల ప్రకారం నావిగేషన్ లైట్ల లాంటి ముఖ్యమైన వాటికి 3 శాతం లోపు, మిగతావాటికి 10 శాతం లోపు వోల్టేజీ పోవచ్చు. స్టీరియోకి 10 శాతం చాలని కొందరంటారు. నిబంధన ప్రకారం చాలు. కానీ 12.3 దగ్గరున్న బ్యాటరీలో ఒక వోల్టు పోతే 11.3తో యాంప్లిఫయర్ నడవాలి. అప్పుడు డప్పు దెబ్బ పడినప్పుడల్లా శబ్దం పగులుతుంది. జనం వెంటనే స్పీకర్లు పాడయ్యాయంటారు. మా పాత స్పీకర్లనీ అలాగే తిట్టుకున్నాం. వైరు మార్చాక అవే స్పీకర్లు చక్కగా పాడుతున్నాయి.

వైరు తగరం పూత ఉన్న రాగిదే తీసుకోండి, నేను యాంకర్ (Ancor) అనే బోటు వైర్ల కంపెనీది తీసుకున్నాను. లేనియర్ మంచినీళ్ళ సరస్సే కదా, ఉప్పులేని చోట తగరం ఎందుకన్నాడు అన్నయ్య. ఉప్పు లేకపోయినా తేమ ఉంటుంది, పాంటూన్ బల్ల కింద వైరు ఎప్పుడూ తడుస్తూనే ఉంటుంది. పూత లేని రాగి చివర్ల నుంచి నల్లబడుతూ పోతుంది.

ఫ్యూజు బ్యాటరీకి 7 అంగుళాల లోపు ఉండాలి. యాంప్లిఫయర్ దగ్గర ఒకటి ఉంది కదా అంటే చాలదు, ఎందుకంటే ఫ్యూజు కాపాడేది వైరుని. దారిలో ఎక్కడైనా వైరు ఒరుసుకుని షార్ట్ అయితే, కన్సోల్ దగ్గరున్న ఫ్యూజుకి ఆ సంగతే తెలియదు. నేను బ్యాటరీ బోల్టు మీదే బిగించే రకం, 60 ఆంపియర్లది పెట్టాను. పెట్రోలు బోటు కాబట్టి ట్యాంకు, ఇంజను ఉన్న అరల్లో పెట్టే ఏ విద్యుత్ వస్తువైనా ఇగ్నిషన్ ప్రొటెక్టెడ్ అని ఉన్నదే కొనాలి, అంటే నిప్పురవ్వ బయటికి రానిది. ఈ కిట్‌లోని స్విచ్చు, రిలే రెండూ అలాంటివే. కారు షాపుల్లో దొరికే రిలేల మీద ఆ మాట చాలాసార్లు ఉండదు.

అన్నిటికన్నా ప్రమాదమైనది పసుపు వైరు. బోటు వైరింగులో పసుపు అంటే నెగటివ్. ఇళ్ళలో ఏసీ కరెంటు తెచ్చే వైరు అమెరికాలో నల్లది కాబట్టి, దానితో పొరబడకుండా డీసీ నెగటివ్‌కి పసుపు వాడతారు. స్టీరియో వెనకనుంచి వచ్చే తీగల గుత్తిలో మాత్రం పసుపు అంటే ఎప్పుడూ కరెంటుండే పాజిటివ్. రంగుకి రంగు కలిపితే నేరుగా షార్టే. ఆ గుత్తి పసుపు వైరుకి చివరి దాకా ఎర్ర హీట్ ష్రింక్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) తొడిగి, అప్పుడు కలపండి.

కారులోలాగా నెగటివ్‌ని బాడీకి ఇచ్చేయడం కూడా ఇక్కడ పనికిరాదు. అల్యూమినియం గొట్టాల గుండా కరెంటు పారితే నీళ్ళలో అవి తుప్పు తిని చిల్లులు పడతాయి. ప్రతి నెగటివూ విడి వైరుగా, అన్నీ ఒకచోట కలిసే లోహపు పట్టీ అయిన బస్‌బార్ దాకా వెనక్కి రావాలి. స్టీరియోకీ యాంప్లిఫయర్‌కీ ఒకే బస్‌బార్ ఇస్తే, ఇంజన్ వేగంతో పాటు పెరిగే కూత కూడా చాలావరకూ పోతుంది. ఇంకా మిగిలితే సిగ్నల్ కేబుళ్ళని కరెంటు వైర్లకి దూరంగా రెండో వైపునుంచి తీసుకెళ్ళాలి.

సోల్డర్ గురించి ఒక మాట. మన ఊళ్ళో రేడియో రిపేరు షాపుల్లో చూసి పెరిగినవాళ్ళం, సీసం పూస్తేనే జాయింటు గట్టిదని మన నమ్మకం. బోటు అదురుడికి సోల్డర్ ఆగిన చోట వైరు బిరుసెక్కి విరుగుతుంది. సోల్డర్ ఒక్కదాని మీదే జాయింటు ఆధారపడకూడదని ప్రమాణాల్లోనే ఉంది. మంచి పట్టకారుతో క్రింప్ చేసి, అంటే నొక్కి బిగించి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ వేస్తే నీరు దూరదు.

ఇప్పుడెలా ఉందంటే, రెండో బ్యాటరీ 100 ఆంపియర్-అవర్ల ఏజీఎం, అంటే ద్రవం ఒలకని లెడ్ యాసిడ్ రకం. దాన్ని సగానికి మించి ఖాళీ చేయం. మాటలు వినబడేంత సౌండులో క్లాంప్ మీటర్ పెట్టి చూస్తే సగటు 6 ఆంపియర్లు దాటడం లేదు, అంటే ఎనిమిది గంటలు. మధ్యాహ్నం వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవాళ్ళకి ఇంకేం కావాలి. స్టీరియోలో ముందు వైపుకీ వెనక వైపుకీ సౌండు విడివిడిగా పెట్టుకోవచ్చు కాబట్టి, వెనక పిల్లలు గంతులేస్తుంటే ముందు సోఫాలో అత్తయ్యగారు కబుర్లు చెప్పుకోగలుగుతున్నారు. పాట ఒక్కటే, కాబట్టి ఘంటసాలా తమనా అన్న గొడవ మాత్రం ఈ కిట్ తీర్చదు.

ఒకటి తెలిసి కొనండి. ఇది చార్జర్ కాదు. మా ఇంజన్ ఆల్టర్నేటర్ పూర్తి వేగంలో ఇచ్చేదే 35 ఆంపియర్లు, మెల్లగా పోయేటప్పుడు అందులో కొంతే. సగం ఖాళీ అయిన బ్యాటరీ ఒడ్డుకి వచ్చే ఇరవై నిమిషాల్లో నిండదు. రేవులో కరెంటు చార్జర్ ఒకటి ఉండాల్సిందే. ఇంకొకటి, ఆఫ్ చేస్తే అన్నీ ఆగిపోతాయి. మా పాంటూన్‌కి బిల్జ్ పంపు (బోటు అడుగున చేరే నీళ్ళు తోడేది) లేదు కాబట్టి ఇబ్బంది లేదు. మామూలు బోటున్నవాళ్ళు ఆ పంపు ఆటోమేటిక్ వైరుని స్విచ్చుతో సంబంధం లేకుండా ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకి ఇవ్వాలి.

ఇక లిథియం. "వదినా, లిథియం వేసేద్దాం, బరువు సగం తగ్గుతుంది" అని మరిది ఇప్పటికీ అంటుంటాడు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఊరికే ఉన్నా 13.3 దగ్గర ఉంటుంది. ఈ రిలే విడదీసేది 12.75కి. అంటే ఇంజన్ ఆపినా రెండూ కలిసే ఉంటాయి, లిథియం దాదాపు ఖాళీ అయ్యేదాకా ఇంజన్ బ్యాటరీ దానికి అతుక్కునే ఉంటుంది. దేనికోసం కొన్నామో ఆ పనే జరగదు. లిథియం కావాలంటే రిలే బదులు డీసీ-టు-డీసీ చార్జర్ (ఇంజన్ వైపు కరెంటుతో రెండో బ్యాటరీని విడిగా నింపేది) తీసుకోండి. ఈ కిట్ జోలికి రావద్దు.

లెడ్ యాసిడో ఏజీఎమ్మో అయితే నిశ్చింతగా తీసుకోవచ్చు. రిలే మీద ఇండికేటర్ ఎల్ఈడీకి ఒక కనెక్షన్ వదిలారు. అక్కడినుంచి సన్న వైరు లాగి కన్సోల్ మీద చిన్న దీపం పెట్టుకోండి. అది వెలిగితే రెండు బ్యాటరీలూ కలిసి ఉన్నట్టు, ఆరితే విడిపోయినట్టు. ఇంజన్ ఆపాక అది ఆరిందా లేదా అని చూసే బాధ్యత మా ఇంట్లో అత్తయ్యగారు తీసుకున్నారు.