ఉద్దానంలో నాలుగేళ్లుగా కంప్యూటర్ రికార్డులు: ఒక డాక్టరు అనుభవం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, పలాస దగ్గర మాది చిన్న క్లినిక్. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి పైరేకులు ఎగిరిపోయి పాత ఓపీ పుస్తకాలన్నీ నాని ముద్దయిపోయాయి. ఆ దెబ్బకే కంప్యూటర్ రికార్డులకి మారాలనుకున్నాను. మారి నాలుగేళ్లు దాటింది.

నాకు బాగా పనికొచ్చింది క్రియాటినిన్ గ్రాఫు. కిడ్నీలు సరిగ్గా వడపోయకపోతే రక్తంలో పెరిగేదే ఈ క్రియాటినిన్. మా వైపు కిడ్నీ జబ్బు చప్పుడు చేయకుండా ముదురుతుంది. కాళ్ల వాపులు కనిపించేసరికే ఆలస్యమైపోతుంది. ఒక్క కాగితం మీద 1.6 చూస్తే పెద్దగా తెలిసేదేమీ లేదు. ఏడాది కిందట 1.1, ఆర్నెల్ల కిందట 1.3 అని గీత పైకి పాకుతుంటే మాత్రం గుండె గుభేలుమంటుంది. జీడితోటలో పనిచేసే ఒకాయనకి స్క్రీన్ తిప్పి ఆ గీత చూపించాను. ఎన్నిసార్లు చెప్పినా వినని మనిషి, కిడ్నీలకి చేటు చేసే ఒళ్లునొప్పుల మాత్రలు జేబులోంచి తీసి నా టేబుల్ మీద పెట్టేశాడు.

ఇక తలనొప్పులు. అప్పలనాయుడు అని కొడితే స్క్రీన్ నిండిపోతుంది. ఇంగ్లిష్‌లో ఒకరు ఒక 'పి' పెడతారు, ఇంకొకరు రెండు. అలా ఒకే మనిషికి మూడు రికార్డులు తయారయ్యాయి. ప్రభుత్వం ఇచ్చే 14 అంకెల ఆరోగ్య గుర్తింపు నంబరు, ఆభాతో కొంత నయమే. కానీ ఓటీపీ వెళ్లేది కొడుకు ఫోనుకి, ఆ కొడుకేమో చెన్నైలో పనిలో ఉంటాడు.

హెచ్చరికల సంగతి మరీ ఘోరం. ప్రతి మందుకీ ఏదో ఒక పెట్టె ఎగిరి వస్తుంది, చదవకుండానే ఓకే నొక్కడం అలవాటైపోయింది. ఒకసారి కిడ్నీ పేషెంటుకి డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు రాసేశాను. హెచ్చరిక వచ్చింది, నేనే నొక్కేశాను. మందుల షాపు కుర్రాడు ఫోన్ చేసి అడిగాడు కాబట్టి బతికిపోయాం.

టైపు చేస్తుంటే ఓ ముసలమ్మ అంది: "నానిటు సెప్తంటే నువ్వటు సూస్తావేటి బాబూ?" ఆ రోజు నుంచి ముందు చీటీ మీద రాసుకుంటున్నాను. ఓపీ అయ్యాక కూర్చుని ఎక్కిస్తాను, రోజూ గంట పైనే పడుతుంది. ఆ గంటని సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు ఎవరూ లెక్కలో వేయరు.

మళ్లీ కాగితానికి వెళ్తావా అంటే వెళ్లను, ఆ గ్రాఫు కోసమైనా. కొత్తగా కొనేవాళ్లు మాత్రం డెమోలో ఫీచర్లన్నీ చూపించనిచ్చి, ఆఖర్న అప్పలనాయుడు అని కొట్టి చూడండి.