"చిన్న రిపేరే" అంటూ అమ్మే పాత కాలిక్యులేటర్ల లాట్‌తో జాగ్రత్త

పాత సైంటిఫిక్ కాలిక్యులేటర్లు లాట్‌గా కొని, బాగుచేసి, ఇంజనీరింగ్ పిల్లలకు తక్కువలో ఇచ్చేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. వాళ్ల కోసమే ఇది. సెకండ్ హ్యాండ్ యాప్‌లో ఒకాయన దగ్గర కాసియో ఎఫ్ఎక్స్-991ఎంఎస్‌ల లాట్ తీసుకున్నాను. "సెల్ మారిస్తే సగం నడుస్తాయి సార్, మిగతావి చిన్న రిపేర్లే" అన్నాడు. వచ్చినవి చాలావరకు ఉత్త డొల్లలు.

పైనుంచి తీసిన ఫొటోల్లో అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. మూతలు విప్పితే బండారం బయటపడింది. కొన్నింటికి సోలార్ ప్యానెల్ పీకేసి, ఆ కిటికీ వెనక నల్ల కాగితం అంటించారు. కొన్నింటికి ప్యానెల్ ఉంది గానీ, దాన్నుంచి బోర్డుకు రావాల్సిన రెండు తీగలూ లేవు, అసలు టంకం వేసిన ఆనవాలే లేదు. అంటే అవి మొదట్నుంచీ డూప్లికేట్లే, ఆ ప్యానెల్ అలంకారానికి పెట్టింది.

అన్నిటికంటే బాధ రిబ్బన్ల సంగతి. ఇలాంటి వాటిలో చాలావరకు డిస్‌ప్లేనీ బోర్డునీ కలిపే పల్చటి రిబ్బను వేడితో అతికించి ఉంటుంది, టంకంతో కాదు. అది కాస్త లేస్తే అంకెల్లో గీతలు ఎగిరిపోతాయి, 8 కాస్తా 6 అయి కూర్చుంటుంది. పైన సిలికాన్ ముక్క వేసి తక్కువ వేడితో ఓపిగ్గా అదిమితే ఒక్కోసారి మళ్లీ పట్టుకుంటుంది. వీళ్లు నేరుగా సోల్డరింగ్ ఐరన్ పెట్టేశారు. ముడుచుకుపోయిన రిబ్బనును బ్రహ్మ దిగొచ్చినా బాగుచేయలేడు.

సెల్ కారి తెల్లగా పేరుకున్నవీ ఉన్నాయి, వాటితో పేచీ లేదు. వెనిగర్‌తోనో నిమ్మరసంతోనో తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పట్టిస్తే సరిపోతుంది. నిజమైన చిన్న రిపేరంటే అదీ.

స్క్రూలు గీసుకుపోయినంత మాత్రాన అనుమానించకండి. ఈ మోడల్‌లో ఎల్ఆర్44 సెల్ మార్చాలన్నా వెనక మూత మొత్తం విప్పాల్సిందే. డబ్బు కట్టేముందు మూత తీసిన బోర్డు ఫొటో ఒకటి, అదే కాలిక్యులేటర్‌లో వరసగా 8లు కొట్టిన వీడియో ఒకటి అడగండి. "విప్పితే సీల్ పోతుంది సార్" అంటే అక్కడే ఆగిపోండి. సెల్ మార్చుకోవడానికి విప్పే మూతకి సీలేమిటి?

వాపసు అడిగితే యాప్ వాళ్లు ప్రకటన అడుగున ఉన్న "పార్ట్స్ కోసం మాత్రమే" అన్న చిన్న అక్షరాలు చూపించి చేతులు దులుపుకున్నారు. అమ్మినాయన ఇంకో అడుగు ముందుకేసి, "బోర్డుల్లో బంగారం ఉంటుంది, తీసుకోండి" అని సలహా ఇచ్చాడు! వీటిలో చిప్ నల్లటి ఎపాక్సీ బొట్టు కింద ఉంటుంది, మీటల కింద ఉండేది కార్బన్ పూత. బంగారమంటూ ఉంటే చిప్‌కి కలిపిన, వెంట్రుక కంటే సన్నటి తీగల్లోనే. దానికోసం ఇంట్లో నైట్రిక్ యాసిడ్ పోస్తే వచ్చే గోధుమరంగు పొగ ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. ఆ పని ఎవరూ పెట్టుకోవద్దు. పనికిరాని బోర్డుల్ని కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదైన ఈ-వేస్ట్ రీసైక్లర్‌కే ఇవ్వండి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నియమాలు చెప్పేదీ అదే. సెల్స్ విడిగా తీసి, పిల్లలకు అందకుండా పెట్టండి.

ఆ ప్రకటన ధర తగ్గించి మళ్లీ పెట్టారు. ఫొటోలు కొత్తవి, అయినా మూత తీసింది ఒక్కటీ లేదు.