ఎం1 కోర్సు కొంటున్నారా? ముందు ఐదో యూనిట్ వీడియో చూపించమనండి

బీటెక్ ఫస్ట్ ఇయర్ పిల్లలకీ, వాళ్ళ చదువుకి డబ్బులు కడుతున్న అన్నలకీ అక్కలకీ ఈ పోస్టు. మా తమ్ముడిది జేఎన్‌టీయూహెచ్ ఆర్22 (2022లో వచ్చిన) సిలబస్. ఎం1 అనే మ్యాథ్స్ పేపర్‌కి, అంటే మ్యాట్రిసెస్ అండ్ క్యాలిక్యులస్‌కి, 'తెలుగులో ఫుల్ కోర్సు, పాస్ గ్యారంటీ' అని ఒక యాప్ వాళ్ళు ఊదరగొడుతుంటే 2,999 రూపాయలు కట్టి తీసుకున్నాను. డబ్బులు పోవడం ఒక ఎత్తు. డబ్బులు తీసుకుని పిల్లాడికి తప్పు లెక్కలు నేర్పడం ఇంకో ఎత్తు.

వీళ్ళు డెమోలో చూపించేదంతా మ్యాట్రిసెస్. ర్యాంక్, ఐగెన్ వాల్యూస్ చకచకా చేసి చూపిస్తారు. ఇంటర్లో మ్యాట్రిసెస్ చదివొచ్చిన పిల్లలకి అవి ఎవరు చెప్పినా ఎక్కుతాయి. అసలు తంటా నాలుగు, ఐదు యూనిట్లతో. పార్షియల్ డిఫరెన్షియేషన్, జాకోబియన్, లాగ్రాంజ్ మల్టిప్లయర్స్ నాలుగులో ఉంటాయి. డబుల్, ట్రిపుల్ ఇంటిగ్రల్స్ ఐదులో. ఎక్స్‌టర్నల్ (యూనివర్సిటీ పెట్టే పరీక్ష) 60 మార్కుల్లో పార్ట్ బీ, అంటే పెద్ద ప్రశ్నల నుంచి ఒక్కో యూనిట్‌కి 10 మార్కులు. ఈ రెండూ వదిలేస్తే 20 మార్కులు అక్కడే గోవిందా. అందుకే ఈ కోర్సులు కొనేదీ వీటికోసమే, వీళ్ళు చేతులెత్తేసిందీ వీటి దగ్గరే.

ఒక్క లెక్క చెప్తాను, మ్యాథ్స్ వచ్చినవాళ్ళకి విషయం తెలిసిపోతుంది. చేంజ్ ఆఫ్ ఆర్డర్ ఆఫ్ ఇంటిగ్రేషన్, అంటే డబుల్ ఇంటిగ్రల్‌లో ఎక్స్, వైల్లో ముందు దేని మీద చేయాలో ఆ వరస మార్చడం. లోపల e పవర్ వై స్క్వేర్. వై లిమిట్స్ ఎక్స్ నుంచి 1 దాకా, ఎక్స్ లిమిట్స్ 0 నుంచి 1 దాకా. ఉన్నదున్నట్టు వై మీద చేయబోతే ముందుకు కదలదు, అందుకే ఆర్డర్ మార్చాలి. ముందు బొమ్మ గీసుకుంటే రీజియన్ ఒక ట్రయాంగిల్ అని కనబడుతుంది. అప్పుడు ఎక్స్ 0 నుంచి వై దాకా, వై 0 నుంచి 1 దాకా అవుతుంది. ఎక్స్ మీద చేయగానే ఒక వై బయటికొస్తుంది, మిగతాది రెండు లైన్ల పని. ఆన్సర్ (e - 1)/2.

ఇదే లెక్కకి ఆ యాప్ వీడియోలో సార్ బొమ్మే గీయలేదు. డీఎక్స్, డీవై అటూ ఇటూ మార్చి, లిమిట్స్‌ని కూడా అలాగే ఎత్తి పక్క ఇంటిగ్రల్‌కి పెట్టేశారు. అంటే బయటి ఇంటిగ్రల్‌కి ఎక్స్ నుంచి 1! నంబర్ రావాల్సిన ఆన్సర్‌లో ఎక్స్ ఎలా మిగులుతుందండీ? ఆయనకీ అనుమానం వచ్చినట్టుంది, 'మిగతాది మీరే సింప్లిఫై చేసుకోండి' అని అక్కడితో ఆపేశారు. మా తమ్ముడు దాన్ని బుద్ధిగా నోట్స్‌లో దించుకున్నాడు.

పోలార్ కోఆర్డినేట్స్‌దీ అదే వరస. డీఎక్స్ డీవై బదులు ఆర్ డీఆర్ డీతీటా రాయాలి కదా, ఆ ముందుండే ఆర్ ఎక్కడిదో చెప్పరు. ఆ ఆర్‌ని ఇచ్చే జాకోబియన్ నాలుగో యూనిట్‌లో వాళ్ళే చెప్పారు, ఇక్కడికొచ్చేసరికి దాని ఊసే లేదు. ఒక లెక్కలో ఆర్ ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. ఆర్ వదిలేసి రేడియస్ a ఉన్న సర్కిల్ ఏరియా కడితే 2 పై a వస్తుంది. అది చుట్టుకొలత! ట్రిపుల్ ఇంటిగ్రల్స్‌కైతే వీడియోనే లేదు, చేతిరాత పీడీఎఫ్ ఒకటి పడేశారు. వాటి బదులు గ్రీన్స్, స్టోక్స్, గాస్ థీరమ్స్ 'బోనస్' అట. అవి సెకండ్ సెమ్‌లో ఎలాగూ చదవాల్సిన వెక్టార్ క్యాలిక్యులస్. ఎం1 పేపర్‌కి వాటితో పనేంటి?

ఇక రీఫండ్ సంగతి. అమ్మేటప్పుడు ఫోన్ చేసినబ్బాయి 'నచ్చకపోతే వారంలో వాపస్ అన్నా, నాదీ పూచీ' అన్నాడు, వాట్సాప్‌లోనూ అదే మెసేజ్ పెట్టాడు. అడిగితే ఒక్క వీడియో ప్లే చేసినా రీఫండ్ ఉండదని కండిషన్స్‌లో రాసుందన్నారు. వీడియో చూడకుండా నచ్చిందో లేదో ఎలా తెలుస్తుందంటే జవాబు లేదు. ఆ అబ్బాయి నంబర్ ఇప్పుడు ఎత్తట్లేదు.

ఏ యాప్ అయినా సరే, కొనేముందు మ్యాట్రిసెస్ డెమోకి పడిపోకుండా చేంజ్ ఆఫ్ ఆర్డర్ వీడియో ఒకటి పూర్తిగా చూపించమని అడగండి. బొమ్మ గీయకుండా లిమిట్స్ మార్చేస్తే అక్కడే వదిలేయండి. 'అది పేమెంట్ తర్వాతే ఓపెన్ అవుతుంది' అన్నా అంతే. ఫోన్‌లో ఏ హామీ ఇచ్చినా వాట్సాప్‌లో రాసి పంపమనండి. నా దగ్గర ఆ ఒక్క మెసేజ్ ఉండటం వల్లే ఫిర్యాదులో పెట్టడానికి ఏదో ఒకటి దొరికింది.

పైసా ఖర్చు లేకుండా కావాలంటే ఎంఐటీ వాళ్ళ 18.02 (మల్టీవేరియబుల్ క్యాలిక్యులస్) కోర్సు లెక్చర్లు ఓపెన్‌కోర్స్‌వేర్‌లో ఉన్నాయి. ఖాన్ అకాడమీలో గ్రాంట్ శాండర్సన్ చేసిన మల్టీవేరియబుల్ క్యాలిక్యులస్ వీడియోలు ఉన్నాయి. ఇంగ్లిష్‌లోనే చెప్తారు, తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకి మొదట్లో కష్టమే. మన యూనివర్సిటీ పేపర్ మోడల్‌కి అచ్చంగా సరిపోవు కూడా, పాత పేపర్లు విడిగా చేసుకోవాలి. కానీ బొమ్మ మాత్రం గీసి చెప్తారు.

నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. కంపెనీ నుంచి ఇంకా ఉలుకూ పలుకూ లేదు. ఇలాగే కట్టి ఇరుక్కున్నవాళ్ళు ఉంటే పేమెంట్ రసీదు, వాళ్ళ ప్రకటన స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకుని మీరూ ఫోన్ చేయండి.