ఆకాశగంగ కేంద్రాన్ని చూపిస్తామన్న రాత్రి: అనంతగిరి శిబిరంపై సమీక్ష

సాయంత్రం హైదరాబాద్‌లో బస్సెక్కించి, వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో రాత్రంతా ఆకాశం చూపించి, తెల్లవారాక మళ్లీ నగరంలో దించే శిబిరాలు ఈ మధ్య బాగా పెరిగాయి. మే నెల అమావాస్య రాత్రి అలాంటి ఒక శిబిరానికి వెళ్లాను. మన ఆకాశగంగ (పాలపుంత) కేంద్రం చుట్టూ ఉన్న నక్షత్రాలు, వాటిని కప్పేసిన ధూళి ఆ రాత్రికి ప్రత్యేకాంశం కావడమే నేను దాన్ని ఎంచుకోవడానికి కారణం. నిర్వాహకుల పేరు ఇక్కడ రాయడం లేదు. ఏ సంస్థ దగ్గర సీటు తీసుకున్నా ముందుగా ఏమి తెలుసుకోవాలో, ఏమి అడగాలో చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం.

ముందుగా కాలం సంగతి. ఆకాశగంగ కేంద్రం ధనూరాశిలో, వృశ్చికానికి ఆనుకుని ఉన్న భాగంలో, మనవాళ్లు మూలా నక్షత్రమని చెప్పుకునే దిక్కున ఉంటుంది. ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు నేరుగా పైన ఆకాశంలో ఊహించుకునే రేఖకు) 29 డిగ్రీల దక్షిణంగా ఉండటం వల్ల లండన్ వాసులకు అది దిగంతం మీద పది డిగ్రీల ఎత్తుకు కూడా రాదు. మనకు మాత్రం దాదాపు 43 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఈ విషయంలో హైదరాబాద్ వాళ్లం నిజంగా అదృష్టవంతులం. అయితే డిసెంబరులో సూర్యుడే ఆ దిక్కున ఉంటాడు కనుక, చలికాలపు ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా ఆ నెలలో ఆకాశగంగ కేంద్రాన్ని చూసే వీలు లేదు. వర్షాకాలం మబ్బులపాలు. మిగిలేవి ప్రధానంగా ఏప్రిల్, మే నెలల అమావాస్యలు. ఈ శిబిరం వాళ్లు మే నెలను ఎంచుకోవడం వాళ్లకు విషయం తెలుసుననడానికి మొదటి సాక్ష్యం. మే నెల మధ్యలో ఆ ప్రాంతం రాత్రి తొమ్మిది దాటాక ఆగ్నేయాన ఉదయించి, రెండున్నర ప్రాంతంలో సరిగ్గా దక్షిణాన అన్నిటికన్నా ఎత్తుకు చేరుతుంది.

ఇంత తెలిసినవాళ్లే కార్యక్రమపు వేళలు మాత్రం సరిగ్గా పెట్టుకోలేదు. కేంద్రాన్ని చూపించే కార్యక్రమం పదిన్నరకు పెట్టారు. అప్పటికి అది దిగంతానికి ఇంకా దగ్గరలోనే ఉంది. పైగా మనకు తూర్పున ఉన్న హైదరాబాద్ వెలుగు ఆకాశపు ఆ అంచునంతా పాలిపోయేలా చేసింది. వేసవి పొగమంచు లాంటి మసక కూడా అక్కడే ఎక్కువ. ఒంటిగంటన్నరకు అధికారిక కార్యక్రమం ముగిసిందనగానే చాలామంది గుడారాల్లోకి వెళ్లి నిద్రపోయారు. అసలు చూడవలసిన గంట ఆ తర్వాతే వచ్చింది. మెలకువగా ఉన్న కొద్దిమందికి మాత్రమే వృశ్చికపు తోక నుంచి నడినెత్తి దాకా ఆకాశగంగ సాగిపోవడం, దాని మధ్యలో పొడుగునా నల్లని చీలిక ఒకటి దాన్ని రెండుగా విడదీయడం స్పష్టంగా కనిపించాయి.

ఆ నల్లని చీలిక దగ్గరే ఈ శిబిరం తన విలువను నిరూపించుకుంది. తక్కిన చాలా శిబిరాల్లో మెరిసేవి చూపించి ముగిస్తారు. ఇక్కడి శిక్షకుడు అందరినీ మొదట ఆ చీకటినే చూడమన్నాడు. మా గుంపులో ఒక పెద్దావిడ చాలాసేపు చూసి, "బాబూ, అక్కడ ఏమీ లేదా, ఉన్నది కనబడట్లేదా?" అని అడిగింది. ఆ రాత్రి విన్న ప్రశ్నలన్నిటిలోకీ మంచి ప్రశ్న అది. "ఉన్నదే కనబడట్లేదమ్మా" అని చెప్పి, అతను ల్యాప్‌టాప్ తెరిచాడు. కళ్లు చీకటికి అలవాటుపడినది చెడకుండా తెరకు ముందే ఎర్రని పల్చటి పొర అంటించి ఉంచారు. చిత్రాలు చూపించేటప్పుడు మాత్రం దాన్ని తీసి, వెలుగు బాగా తగ్గించాడు.

అతను వాడినది ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బోర్గ్ ఖగోళ సమాచార కేంద్రం ఉచితంగా అందించే అలాదీన్ లైట్ అనే ఆకాశ పటం. బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. అందులో ఆకాశగంగ కేంద్రమైన సాజిటేరియస్ ఎ స్టార్ పేరు కొట్టి, ముందుగా మామూలు కాంతిలో తీసిన చిత్రం పెట్టాడు. తెర మధ్యలో గోధుమరంగు కలిసిన నలుపు. అక్కడక్కడా మనకు దగ్గరగా ఉన్న నక్షత్రాలు మాత్రమే. స్థానం కదపకుండా అదే చోట, ఆకాశమంతటినీ కంటికి కనిపించని పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతిలో చిత్రించిన టూమాస్ సర్వే తీసిన చిత్రం పెట్టాడు. ఒక్కసారిగా తెరంతా నక్షత్రాలు కిక్కిరిసిపోయాయి. మధ్యలో అవన్నీ దగ్గరపడి ఒక ప్రకాశవంతమైన ముద్దగా కనిపించాయి. మళ్లీ మొదటి చిత్రం, మళ్లీ రెండోది. మాటలతో ఎంత చెప్పినా అర్థం కాని విషయం ఆ రెండు చిత్రాల మధ్య అందరికీ అర్థమైపోయింది.

ఆ తర్వాత అతను ఇచ్చిన వివరణ కూడా బాగుంది. నక్షత్రాల మధ్య ధూళి అంటే చాలావరకు సిలికేట్లు, కర్బనం కలిసిన రేణువులు. ఒక్కొక్కటి మైక్రానులో (అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులో) పదో వంతు పరిమాణం దగ్గర ఉంటుంది. నక్షత్రాల మధ్యనున్న పదార్థంలో బరువు లెక్కన ధూళి వాటా వందింట ఒకటి మాత్రమే, మిగతాదంతా వాయువు. అయినా కేంద్రం మన నుంచి దాదాపు 26 వేల 700 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది కనుక, దారి పొడుగునా పేరుకున్న ఆ కొద్దిపాటి ధూళే అక్కడి నుంచి బయలుదేరిన దృశ్య కాంతిని దాదాపు పూర్తిగా మింగేస్తుంది: లక్ష కోట్ల కాంతి కణాల్లో సుమారుగా ఒక్కటి మనదాకా వస్తుంది. తరంగదైర్ఘ్యం రేణువు పరిమాణం కన్నా బాగా పెరిగితే అడ్డు తగ్గుతుంది. 2.2 మైక్రాన్ల పరారుణ కాంతిలో పదింట ఒక వంతు దాకా చేరుతుంది. వేసవి సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద నిలబడితే మసకలోంచి సూర్యుడు ఎర్రగా కనిపించడంలో కూడా ఇలాంటి పనే జరుగుతుందని అతను చెప్పాడు: నీలం ఎక్కువగా చెదిరిపోతుంది, ఎరుపు నిలుస్తుంది. 1968లో బెక్లిన్, న్యూగెబౌర్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు ఈ 2.2 మైక్రాన్ల దారిలోనే మొదటిసారిగా కేంద్రపు నక్షత్రాల వెలుగును పట్టుకున్నారు. దానికి 35 ఏళ్ల ముందే, 1933లో, కార్ల్ జాన్‌స్కీ ఆ దిక్కు నుంచి రేడియో తరంగాలు వస్తున్నాయని ప్రకటించాడు.

మంచి విషయం అంతటితో ఆగలేదు. శిబిరంలోని 8 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్‌ను ధనుస్సులో కెటిల్ కొమ్ములాగా చెప్పుకునే చోట, ఆ కొమ్ము కొసన ఉన్న అల్‌నాస్ల్ నక్షత్రం పక్కకు తిప్పారు. కనిపించింది ఎన్‌జీసీ 6522 అనే గోళాకార నక్షత్ర గుచ్ఛం. చిన్న మసక చుక్క. చూసినవాళ్లలో చాలామంది అర నిమిషంలో పక్కకు తప్పుకున్నారు, వాళ్లను తప్పుపట్టలేం. కానీ ఆ చుక్క ఉన్న చోటు పేరు బాడే కిటికీ. కేంద్రానికి నాలుగు డిగ్రీల పక్కగా, ధూళి పల్చబడిన ఆ కొద్దిపాటి సందులోంచి 1940లలో వాల్టర్ బాడే మౌంట్ విల్సన్ 100 అంగుళాల టెలిస్కోప్‌తో కేంద్ర ప్రాంతపు నక్షత్రాలను చూశాడు. వెలుగు క్రమంగా హెచ్చుతగ్గులయ్యే ఆర్.ఆర్. లైరే తరగతి నక్షత్రాలను అక్కడ వెతికి, వాటి ఆధారంగా కేంద్రం ఎంత దూరమో అంచనా కట్టాడు. పరారుణ పరికరాలు ఇంకా చేతికి రాని రోజుల్లో, ధూళి గోడలో ఒక సందు దొరకడమే ఎంత పెద్ద అవకాశమో ఆ మసక చుక్కను చూస్తున్నప్పుడు తెలుస్తుంది. ఇంత విషయమున్న దృశ్యాన్ని వరుసలో నిలబడ్డవాళ్లకు రెండు వాక్యాల్లో చెప్పి పంపేయడం నాకు నచ్చలేదు. దీనికి పది నిమిషాలు కేటాయించవలసింది.

తర్వాత అందరికీ 10×50 బైనాక్యులర్లు ఇచ్చారు. వాటితో అన్నిటికన్నా బాగా కనిపించింది ఎం24 అనే నక్షత్ర మేఘం. అదీ ధూళి పల్చబడిన ఒక సందే. అందులోంచి చూపు పది వేల కాంతి సంవత్సరాలకు పైగా వెళ్తుంది. బైనాక్యులర్ చట్రంలో చుక్క పక్కన చుక్క, వాటి వెనక ఇంకా చిన్న చుక్కలు, అంచుల్లో చటుక్కున నలుపు. ఆ అంచుల దగ్గర ధూళి ఎక్కడ మొదలవుతుందో వేలుపెట్టి చూపించవచ్చు.

ఇక్కడే ఒక మంచి సందర్భాన్ని శిబిరం వాళ్లు వదిలేసుకున్నారు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాద్‌లో నెలకొల్పిన నిజామియా వేధశాలకు (అబ్జర్వేటరీకి), పలు దేశాలు కలిసి తలపెట్టిన ఆకాశ చిత్రపటం పనిలో, ఖగోళ మధ్యరేఖకు 17 నుంచి 23 డిగ్రీల దక్షిణంగా ఉన్న పట్టీ అప్పగించారు. ఎం24 ఉన్నది సరిగ్గా ఆ పట్టీలోనే. తరువాత బేగంపేటకు మారిన ఆ వేధశాలలో గాజు పలకల మీద ఈ ఆకాశ భాగాన్నే ఫోటోలు తీసి, ఒక్కో నక్షత్రం స్థానాన్ని కొలిచి గ్రంథస్థం చేశారు. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లకు, అదే నక్షత్ర మేఘాన్ని చూస్తున్న క్షణంలో, ఈ మాట చెప్పకపోవడం పెద్ద లోటు.

మధ్యలో గంటసేపు సాగిన ప్రసంగం ఎగుడుదిగుడుగా ఉంది. సాజిటేరియస్ ఎ స్టార్ గురించి చెప్పిన భాగం బలమైనది. 1974లో బాలిక్, బ్రౌన్ దాన్ని రేడియో తరంగాల్లో గుర్తించడం, దాని చుట్టూ ఎస్2 అనే నక్షత్రం దాదాపు 16 ఏళ్లకోసారి తిరగడం, 2018 మే నెలలో అది సెకనుకు 7 వేల 600 కిలోమీటర్లకు పైగా వేగంతో కేంద్రాన్ని చుట్టి వెళ్లడం, ఆ కక్ష్యల లెక్కతో అక్కడి కృష్ణబిలం బరువు సూర్యుడికి సుమారు 43 లక్షల రెట్లని తేలడం, ఈ పనికి గెంజెల్, గెజ్ 2020 నోబెల్ బహుమతిని పెన్‌రోజ్‌తో పంచుకోవడం వరుసగా, తొందర లేకుండా చెప్పారు. ఎస్2 కక్ష్యను మామూలు కాంతిలో గీయడం అసాధ్యమనీ, ఇదంతా ధూళిని దాటగలిగే పరారుణం వల్లే సాధ్యమైందనీ గుర్తుచేయడం నాకు నచ్చింది.

తప్పులు కూడా ఉన్నాయి. 2022 మే నెలలో విడుదలైన కృష్ణబిలపు వలయాకార చిత్రాన్ని చూపిస్తూ, దాన్ని అంతరిక్షంలోని ఒక టెలిస్కోప్ తీసిందన్నట్టు చెప్పారు. అది భూమి మీద అనేక చోట్ల ఉన్న రేడియో టెలిస్కోపులను ఒక్కటిగా కలిపిన ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ కృషి. జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్ చిత్రాల రంగులు మన కంటికి కనిపించే రంగులు కావనీ, వేరు వేరు పరారుణ తరంగదైర్ఘ్యాలకు తరువాత కేటాయించినవనీ ఎక్కడా చెప్పలేదు. పిల్లలు కూర్చున్న సభలో ఇది తప్పక చెప్పవలసిన మాట. అయినా ఆ చిత్రాల ఎంపిక మాత్రం ప్రశంసనీయం. కేంద్రం నుంచి సుమారు 300 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న సాజిటేరియస్ సి అనే ప్రాంతపు చిత్రంలో దాదాపు 5 లక్షల నక్షత్రాలున్నాయి. వాటి నడుమ ఒక మేఘం ఎంత చిక్కగా ఉందంటే, దాని వెనకున్న నక్షత్రాల వెలుగు వెబ్‌కు కూడా చేరలేదు. పరారుణం అన్నిటినీ దాటేస్తుందనే అపోహ ఆ ఒక్క చిత్రంతో తొలగిపోతుంది. సాజిటేరియస్ బి2 అనే మేఘాన్ని ఇంకా పొడవైన తరంగదైర్ఘ్యాల్లో చూపించినప్పుడు నక్షత్రాలు చాలావరకు మాయమై, వేడెక్కిన ధూళే వెలుగుతూ కనిపించింది. వెలుగును అడ్డుకునే ధూళే మరో చూపుకు వెలుగయ్యే ఈ సంగతిని ఇంత తేలిగ్గా చెప్పినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

ఏర్పాట్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. మెహదీపట్నం నుంచి చేవెళ్ల మీదుగా ప్రయాణం సుఖంగా సాగింది. భోజనం బాగుంది, మంచినీళ్లకు లోటు లేదు. పక్కనున్న బసలో జనరేటర్ దీపం అర్ధరాత్రి దాకా ఆర్పలేదు. నిర్వాహకులు వెళ్లి అడిగినా ఫలితం లేకపోయింది. ఫోన్ల తెల్లని వెలుగును మాత్రం వాళ్లే గట్టిగా అదుపు చేయవలసింది. ఒక ఫోన్ టార్చ్ వెలిగితే, చీకటికి అలవాటుపడిన కళ్లు తిరిగి కుదుటపడటానికి ఇరవై నిమిషాలు, అరగంట పడుతుంది. పెద్దవాళ్లు కూర్చోవడానికి వాలు కుర్చీలు తక్కువగా ఉన్నాయి. నడినెత్తి దాకా తలెత్తి చూడవలసిన రాత్రి ఇది చిన్న విషయం కాదు.

తలకు రెండు వేల రూపాయలకు కాస్త పైన తీసుకున్నారు. ధూళి మీద ఇచ్చిన ఆ వివరణకే నేను ఆ సొమ్ము సంతోషంగా ఇస్తాను. చంద్రుణ్ణి చూడాలనుకునేవారికి మాత్రం ఈ అమావాస్య శిబిరం సరిపడదు. వాళ్లు వేరే తిథి చూసుకోవాలి. సీటు తీసుకునేముందు ఫోన్ చేసి, రెండు నుంచి మూడున్నర వరకు శిక్షకుడు టెలిస్కోప్ దగ్గర ఉంటాడా, ల్యాప్‌టాప్‌లో పరారుణ చిత్రాలు పక్కపక్కన పెట్టి చూపిస్తారా అని అడగండి. ఈ రెండింటికీ అవునంటే సాయంత్రం బస్సులో కాసేపు నిద్రపోయి, అర్ధరాత్రి దాటాక మెలకువగా ఉండేలా చూసుకోండి.